కంపెనీది కాదమ్మా

మేముండే క్యాంప్ 1 బస్తీలో మా బాబాయి కుక్కర్ రబ్బర్లు తయారుచేసి అమ్మేవాడు. పొట్లం మీద 'సరిపోతుంది' అన్న మాట పెద్దగా, పేరున్న కుక్కర్ కంపెనీ పేరు చిన్నగా వేయించేవాడు. అది చాలక కొనేవాళ్లకి నోటితోనూ చెప్పేవాడు. "కంపెనీది కాదమ్మా. ఆ కుక్కర్‌కి సరిపోద్ది, అంతే." విన్నవాళ్లలో సగం మంది పక్క కొట్టుకి పోయేవారు.

"ఏటి మీ సత్యం? అడక్కుండా ఎందుకు చెప్పడం?" అని పిన్ని విసుక్కునేది.

నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. నా పెళ్లిలో పంతులుగారు "పెళ్లికూతురి తండ్రి రండి" అని పిలిస్తే, పీట మీద కూర్చోబోతూ ఆగి, "తండ్రిని కాదండి, బాబాయిని" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మొన్న ఆయన పోయాడు. పలకరింపుకి పక్కనున్న కోహ్కా బస్తీ నుంచి వచ్చిన హిందీ ఆవిడ "మీరు ఆయనకి ఏమవుతారు దీదీ?" అని అడిగింది.

"కూతుర్ని" అన్నాను.

కాదని చెప్పడానికి ఆయన లేడు.