బీరమ్మక్క ఇంట్లో ఇంకో జానయ్య

మా యారాలు బీరమ్మక్క ముందు అబద్ధమాడి బయటపడ్డవాళ్లు మా ఊళ్లో లేరు. చౌటుప్పల్ దాటి, హైవే దిగి లోపలికి వస్తే మా ఊరు. గొర్రెలు కొనడానికొచ్చిన బేరగాడు నోరు తెరవకముందే, వాడు ఎంతదాకా ఎక్కుతాడో ముఖం చూసి పసిగట్టేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో పుట్టింటి మీద బెంగతో పొయ్యి ముందు కూర్చుంటే, "ఉమా, గా కన్నీళ్లు పొగకు వచ్చినయి కావు. పో, మీ అమ్మను చూసి రా" అంది. నాకు సిగ్గూ వేసింది, కోపమూ వచ్చింది. మనసులో మాట కూడా మనది కాకుండా పోతే ఎట్లా చెప్పండి?

ఆమె పెనిమిటి జానయ్య మా ఆయన లింగస్వామికి అన్న, నాకు బావ. ఉత్త అమాయకుడు. తనకేం కావాలో ఆయనకంటే ముందు అక్కకే తెలిసేది. జేబు తడుముకుంటే బీడీ అందించేది, గొంతు సవరించుకుంటే నీళ్ల చెంబు పెట్టేది. ఆయన నోరు తెరిచి అడగడం నేను చూసింది తక్కువే.

కరోనాకు ముందటేడు మందను రోడ్డు దాటిస్తుంటే, ఎవడో తాగి బండి నడుపుతూ వచ్చి అక్కను గుద్దాడు. తలకు దెబ్బ. పట్నం దవాఖానలో చాలా రోజులుంచారు. ఇంటికి తెచ్చాక నడుస్తోంది, తింటోంది, అందరినీ పేరుపేరునా పలకరిస్తోంది. మల్లన్నే కాపాడాడనుకున్నాం.

ఒకనాడు మధ్యాహ్నం నేను కూర తీసుకుని వెళ్తే అక్క నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"ఉమా, మీ బావ ఏడి?"

"అగో, అరుగు మీద కూసున్నడు కదక్కా."

"గాయన కాదు."

నేను గిన్నె కింద పెట్టాను. ఆమె తలుపు సందులోంచి బావ వీపు వైపే చూస్తోంది.

"ముక్కు, మీసం అన్నీ మీ బావయే. మోచేతి మీద మచ్చ గూడ పెట్టిచ్చుకున్నడు. గని లోపల ఉన్నది వేరేటాయన."

మా గొర్రెలకాపర్లలో ఒక పద్ధతి ఉంది. ఈనిన గొర్రెకు పిల్ల చచ్చిపోతే, ఆ చచ్చిన పిల్ల తోలు తీసి తల్లి లేని ఇంకో పిల్లకు కప్పుతాం. గొర్రె వాసన చూసి, నా పిల్లే అనుకుని పాలిస్తుంది. ఆ పని అక్క చేసినంత ఒడుపుగా ఇంకెవరూ చేయలేరు.

"గట్లనే మీ బావ తోలు కప్పి పంపిండ్రు. నన్ను గొర్రె అనుకుండ్రు" అంది నా చెవిలో.

బావ బతిమాలాడు. పెళ్లినాడు వానకు పందిరి కూలిన సంగతి, మొదటి బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు ఇద్దరూ దొడ్డి వెనక కూర్చుని ఏడ్చిన సంగతి, ఎవరికీ తెలియనివన్నీ చెప్పాడు. చెప్పేకొద్దీ అక్క ముఖం పాలిపోయింది. "గివన్ని ఆయన దగ్గర గుంజుకున్నరు. అయ్యో, ఆయనను ఏం జేసిండ్రో" అని గుండెలు బాదుకుంది. తలుపు గడియ పెట్టేసింది. అప్పటినుంచి బావ పడక గొర్ల దొడ్డిలోనే.

ఒకరోజు ఆయన తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. "ఉమా, నేను నేనేనా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నీకు గూడ మతి పోయిందా బావా?" అని కసిరాను కానీ, ఇంటికొచ్చి ఏడ్చాను.

పట్నంలో డాక్టరమ్మ మందులు రాసి, విడమరిచి చెప్పింది. ముఖాన్ని పోల్చుకునే చోటు మెదడులో ఒకటట, ఆ ముఖం చూడగానే 'నావాడు' అనిపించే చోటు ఇంకొకటట. రెండింటి మధ్య దారి తెగినట్టుంది అంది. ముఖం కనబడుతోంది, ప్రేమ పుట్టడం లేదు. ఎందుకు పుట్టడం లేదో తెలియక, ఈయన వేరే మనిషని మెదడే కథ అల్లుకుందట. మా ఆయన పిచ్చాసుపత్రిలో చేర్పిద్దామన్నాడు. బావ ఒప్పుకోలేదు. "ఒక్కపారి మీ వదిన నన్ను నేననుకుంటే సాలు లింగస్వామీ. గామెను యాడికీ తోలను" అన్నాడు.

తర్వాత ఒక అంగడి రోజు బావ చౌటుప్పల్ నుంచి ఇంటికి ఫోన్ చేశాడు. అక్క ఎత్తింది. ఎత్తగానే ముఖం వెలిగిపోయింది.

"యాడున్నవయ్యా? పానం మంచిగుందా? ఇంట్ల నీ లెక్కనే ఒకడు దిరుగుతుండు. జల్ది రా!"

డాక్టరమ్మను అడిగితే, గొంతు వేరే దారిన పోతుంది, ఆ దారి బాగానే ఉన్నట్టుంది అంది. ఇక రోజూ పొద్దుగూకే ముందు బావ దొడ్డి గోడ వెనక నక్కి కూర్చుని ఫోన్ చేసేవాడు. గోడకు ఇవతల గడప మీద అక్క కొత్తపెళ్లికూతురిలా నవ్వేది. అవతల ఆయన తుండుతో కళ్లొత్తుకునేవాడు. మాట్లాడి ఇటు వస్తే ఆ నవ్వు చప్పున ఆగిపోయేది. చూడలేక చచ్చిపోయేదాన్ని నేను.

ఒకనాడు నేను పక్కనుండగానే అక్క ఫోన్‌లో మెల్లగా అంది: "ముందుగాల భయపడ్డ. గని గాయన ముఖం మంచిగ చూసిన. దొంగ కాదు. పాపం, తనే నువ్వనుకుంటుండు. నువ్వు కాదని ఆయనకే తెల్వదు. నువ్వొస్తే యాడికి వోతడు?"

అక్క ముఖం చూసి చెప్పిన మాట తప్పడం నేనెన్నడూ ఎరగను. గోడ చాటు నుంచి ఇప్పుడు వచ్చేది ఎవరు? దేవుడా, ఆ క్షణాన నాకే అనుమానం వచ్చింది.

పక్కనే ఉన్నాను కాబట్టి ఫోన్‌లో మాట నాకూ వినబడింది.

"నేను రాలేను" అంది బావ గొంతు. "నాకు తొవ్వ దొరుకుతలేదు. గాయనను ఎల్లగొట్టకు. జర అన్నం పెట్టు."

ఫోన్ పెట్టేశాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, ముఖం కడుక్కుని, కంచంలో అన్నం పెట్టింది. బావ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆమె కొంగు భుజాల నిండా కప్పుకుని, తలుపు బార్లా తెరిచింది.

"లోపలికి రా అన్నా."

కట్టుకున్న ఆడదాని నోట ఆ పిలుపు విని బావ గడప దగ్గరే ఆగిపోయాడు. తర్వాత తల వంచుకుని లోపలికొచ్చి, కంచం ముందు కూర్చున్నాడు.

"మా ఆయన చెప్పిండు, నీకు అన్నం పెట్టుమని" అంది అక్క.

"మంచోడు మీ ఆయన, చెల్లె" అని బావ ముద్ద కలుపుకున్నాడు.