ఒక్క రోజు ఆలస్యంగా మూడు సంతలు

పెళ్లయిన కొత్తలో, అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊళ్లో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో కాపురం పెట్టిన ఆ రోజుల్లో, నాకు భక్తీ కోపమూ రెండూ సమంగా ఉండేవి. పొద్దున్నే దీపం పెట్టి అందరినీ చల్లగా చూడు తండ్రీ అని దండం పెట్టుకునేదాన్ని. ఆ దీపం కొండెక్కకముందే మా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. ఆయన ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడం తప్పు చేసినవాళ్ల లక్షణమని నేను గట్టిగా నమ్మిన రోజులవి.

అసలు సంగతి చెప్పాలంటే ముందు నా కిటికీ గురించి చెప్పాలి. చిన్నప్పుడు నాకు ఆయాసం. కాస్త దుమ్ము తగిలితే ఊపిరి అందేది కాదు. అందుకని బడికి పంపకుండా నాయనమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది (ఆ పుణ్యం వల్లే ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నాను). మా కిటికీ కింద ప్రతి సోమవారం సంత జరిగేది. వంకాయలతని కేకలు, గాజులామె నవ్వు, వాటన్నిటి మధ్య నాయనమ్మ బేరం. "నీ బుట్ట నువ్వే ఉంచుకో నాయనా" అని ఆవిడ రెండడుగులు వేయడం, "రామ్మా, రా, ఎక్కడికి పోతావు" అని అతను వెనక్కి పిలవడం. అన్నీ ఊచల వెనక నుంచి విన్నదాన్నే కానీ, దుమ్మని చెప్పి నన్ను ఒక్కనాడూ సంతలో అడుగు పెట్టనివ్వలేదు. ఆయాసం తగ్గేనాటికి మేం పట్నంలో ఉన్నాం. అక్కడ బేరం లేదు, ధర స్టిక్కర్లే.

ఇదంతా పెళ్లయిన మొదటి వారంలోనే మా ఆయనకు చెప్పుకున్నాను. మర్చిపోయాడనుకున్నాను. ఏడాది తిరిగాక ఒకరోజు ఆఫీస్ నుంచి ఒక కాగితం ప్రింట్ చేసుకొచ్చి, "ఇంగ్లండ్‌లో వందల ఏళ్లుగా ఒకే చోట సంత జరిగే ఊళ్లున్నాయట. మూడు సెలెక్ట్ చేశాను. నువ్వు బేరం చేయి, నేను సంచి పట్టుకుంటా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుని కాగితం చదవబోయి మొదటి వరుస దగ్గరే ఆగిపోయాను. మంగళవారం సాయంత్రం ఫ్లైట్!

"మంగళవారం ప్రయాణమా? వద్దండీ. నాయనమ్మ వింటే గుండె ఆగిపోతుంది."

ఆయన కాగితం వైపు చాలాసేపు చూశాడు. "సరే, అన్నీ ఒక రోజు షిఫ్ట్ చేస్తా" అన్నాడు. పనికిరాని ఆ కాగితాన్ని నేను మడిచి స్తోత్రాల పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను (కాగితం పారేయడం నాకు చేతకాదు).

బుధవారం బయల్దేరి గురువారం మొదటి ఊరు చేరాం. రాళ్లు పరిచిన చౌరస్తా, దాని నడుమ లావుపాటి స్తంభాల మీద నిలబడ్డ పాతకాలపు సంత మంటపం, చుట్టూ ఒకదాని భుజాన ఒకటి వాలినట్టు నల్లదూలాల ఇళ్లు. అన్నీ ఉన్నాయి. సంత లేదు. సంత ఉండాల్సిన చోట కార్లు పార్క్ చేసి ఉన్నాయి. పక్కన టీ కొట్టు పెద్దావిడను అడిగితే, "నిన్న జరిగిందమ్మా. మా ముత్తాతల కాలం నుంచీ బుధవారమే" అంది, ఇంగ్లీషులోనే అయినా అచ్చం నాయనమ్మలా.

నా ఒళ్లు మండిపోయింది. "సంతకు ఒక వారమంటూ ఉంటుందని బడి మొహం చూడని నాకు తెలుసు. ఇంత చదువుకున్న మీకు తెలీదా? ఆ ఒక్క ముక్క కనుక్కోలేదా?"

"సారీ. ఈ పిల్లర్స్ చూడు, ఎంత ఓల్డో."

"స్తంభాలతో బేరం చేయమంటారా?"

ఆయన ఇంకో కప్పు టీ చెప్పాడు.

శుక్రవారం రెండో ఊరు. అక్కడా సంత నిన్ననే. రాళ్ల సందులో ఒక క్యాబేజీ ఆకు ఇరుక్కుని కనిపించింది. దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇదిగోండి మీ సంత. దీనికోసమేనా సముద్రం దాటి వచ్చింది?" నా గొంతుకు అటు వెళ్తున్న ఇద్దరు ముసలివాళ్లు ఆగి మరీ చూశారు. ఆయన ఆ ఆకును జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. అది చూసి ఇంకా మండింది.

శనివారం మూడో ఊరు. అడగనక్కర్లేకుండానే చౌరస్తా మొహం చూసి తెలుసుకున్నాను. నిన్న, మళ్లీ నిన్న! ఆ రోజు అరవలేదు. మాట్లాడటమే మానేశాను. దేవుడెక్కడైనా దేవుడే కదా అని పక్కనున్న పాత చర్చిలోకి వెళ్లి, వెనక బల్ల మీద కూర్చుని, మనసు కుదుటపడాలని స్తోత్రాల పుస్తకం తెరిచాను. గుర్తుగా పెట్టిన కాగితం ఒళ్లో పడింది. ఊరికే విప్పాను. మొదటి వరుస దాటి చదవడం అదే మొదటిసారి.

ఊరి పేర్ల పక్కన పెన్నుతో, వంకరటింకర తెలుగులో (తెలుగు రాసి ఆయనకు ఎన్నేళ్లయిందో), మూడుసార్లు "సంత" అని రాసి ఉంది. బుధవారం, గురువారం, శుక్రవారం. మూడూ సరిగ్గా ఆయా ఊళ్ల సంతరోజులే. మంగళవారం బయల్దేరి ఉంటే మూడు సంతలూ నావే.

బయటికొచ్చాను. ఆయన బెంచీ మీద కూర్చుని పావురాలకు బ్రెడ్ వేస్తున్నాడు. కాగితం చూపించాను.

"తెలిసీ ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే ఏం చేసేదానివి? అటు నాయనమ్మ మాట, ఇటు సంత. రాత్రంతా నిద్రపోయేదానివా? నన్ను తిడితే ఒక పూటతో అయిపోతుంది. లక్ బాగుంటే నాలుగు కొట్లయినా ఉంటాయేమో అనుకున్నా."

"ఒక పూటా? మూడు రోజులు తిట్టాను!"

"నా ఎస్టిమేట్ కొంచెం తప్పింది."

నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను. ఆయన లేచి, నా శాలువా అడిగి తీసుకుని బెంచీ మీద పరిచాడు. మేం బస చేసిన ఇంటివాళ్లు ఇచ్చిన నాలుగు ఆపిల్ పళ్లు సంచిలోంచి తీసి పేర్చాడు. జేబులోంచి వాడిపోయిన క్యాబేజీ ఆకు తీసి పక్కన పెట్టాడు. "రండమ్మా రండి! తోటలోంచి ఇప్పుడే తెంపుకొచ్చినవి!" అని ఆ చౌరస్తా అదిరేలా కేకేశాడు. పావురాలన్నీ లేచిపోయాయి.

"మచ్చలున్నాయి కదయ్యా, ఎలా ఇస్తావు?" అన్నాను. ఎంత చెప్పాడో, ఎంతకడిగానో గుర్తులేదు. "నీ పళ్లు నువ్వే ఉంచుకో నాయనా" అని రెండడుగులు వేశాను. మూడో అడుగు వేయాలంటే భయమేసింది, పిలవడేమోనని.

"రామ్మా, రా, ఎక్కడికి పోతావు" అని పిలిచాడు.

ఆ కాగితం ఇప్పటికీ స్తోత్రాల పుస్తకంలోనే ఉంది. పొద్దున్న ఆ పేజీ దగ్గరికి రాగానే క్యాబేజీ ఆకు పట్టుకుని ఊరి నడిబొడ్డున అరుస్తున్న ఒక పిల్ల కనిపిస్తుంది. దాని మీద నాకిప్పుడు కోపం రాదు. ఆ పిల్ల తిట్లన్నీ ఓపిగ్గా మోసిన మనిషిని ఇచ్చినందుకు దేవుడికి ఇంకో దండం పెట్టి, ఆ పేజీ మీదే కాసేపు ఆగిపోతాను. ఇవాళా అలాగే ఆగాను. హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది.

"అయిందా పూజ? ఇవాళ శనివారం, ఫార్మర్స్ మార్కెట్ పన్నెండుకల్లా క్లోజ్ చేస్తారు. మళ్లీ రేపు వెళ్లి నన్నే తిడతావు."