పో అనే పేరు

మా సోమలలో పాలకేంద్రానికి పాలు తెచ్చే మునిరత్నమ్మక్క వెంట ఒక కుక్కపిల్ల పడింది. రోజూ "పో! పో!" అని తరిమితే, అది తన పేరే పో అనుకుంది. పో అంటే చాలు, పరుగెత్తుకొచ్చి కాళ్లకు అడ్డం పడుతుంది.

"దీంతో సస్తాండాను. యాడన్నా ఇడిసిపెట్టి రా రెడ్డెప్పా!" అని అక్క రెండేళ్లుగా నా ప్రాణం తోడేసింది. విసుగెత్తి, నిన్న దాన్ని నా టమోటా బండి ఎక్కించి మదనపల్లెకు బయలుదేరాను. ఊరు దాటకముందే అద్దంలో అక్క కనిపించింది. కొంగు దోపుకుని, చెప్పులైనా లేకుండా వెంట పరుగెత్తుతోంది.

"పో! పో!"

పోతూనే ఉన్నాను కదా అని ఇంకా గట్టిగా తొక్కాను. పిలిచింది నన్ను కాదని కుక్క దూకేశాక గానీ తెలియలేదు.

ఈ పొద్దున మళ్లీ మొదలు: "దీంతో సస్తాండాను రెడ్డెప్పా!"

ఈసారి ఎక్కిస్తే ఇద్దరినీ కలిపే ఎక్కిస్తాను.