అన్నిటికీ నాలుగే

నాకు కక్ష ఎక్కువ. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే తర్వాత చెప్పబోయేది సులువవుతుంది. నన్ను ఎవరైనా ఒక మాట అంటే, ఆ రోజు వాళ్ళు కట్టుకున్న చీర రంగుతో సహా ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. ఆటగాళ్ళ మనసుకు శిక్షణ ఇచ్చే ఉద్యోగం చేస్తూ ఇదేం బుద్ధి అని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ.

ఆమె ఆ రోజు కట్టుకున్నది నెమలికంఠం రంగు చీర. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం, ఆరో అంతస్తు, ఏడాది పనికి మార్కులేసే అప్రైజల్ జరిగే చిన్న గది. ఆమె మా మేనేజరు. నేను ఆ టీములో రెండేళ్ళుగా టెస్టింగ్ చేస్తున్నాను. టీములో ఒకరికి తప్పనిసరిగా అన్నిటికంటే కింది రేటింగ్ ఇవ్వాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆమె నా కాగితం నా ముందుకు జరిపి, "ఎవరో ఒకర్ని కింద పెట్టాలి కదండీ, పర్సనల్‌గా తీసుకోకండి" అంది. కారణం గడిలో 'పని పట్ల ఉత్సాహం లేదు' అని ఉంది. అంతకు ముందు నెలలోనే ఒళ్ళు కాలిపోయే జ్వరంతో మూడు రోజులు కూర్చుని ఆమె సాఫ్ట్‌వేర్ రిలీజు గట్టెక్కించింది నేనే. కింద 'చర్చించాం, అంగీకరిస్తున్నాను' అన్నచోట నా చేత సంతకం పెట్టించుకుంది. నెల తిరక్కుండానే నన్ను ఇంటికి పంపారు.

ఉత్సాహం లేదట! మణికొండలో మా ఫ్లాటుకు వెళ్ళే దారంతా ఆ రెండు ముక్కలే నములుకుంటూ వెళ్ళాను. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు నెట్‌బాల్ ఆడినదాన్ని నేను. చీలమండ బెణికినా కోర్టు దిగనిదాన్ని. ఆ కసితోనే మళ్ళీ పుస్తకాలు పట్టి స్పోర్ట్స్ సైకాలజీ చదివాను. ఉత్సాహం అనేదాన్ని ఎలా కొలుస్తారో, కొలిచే హక్కు ఎవరికుందో తేల్చుకోవాలనిపించింది. ఇప్పుడు గోపన్‌పల్లిలో, అపార్టుమెంట్ల వెనక ఉన్న ఒక నెట్‌బాల్ అకాడమీలో పనిచేస్తున్నాను.

నెట్‌బాల్ అంటే చాలామంది మొహం ప్రశ్నార్థకంగా పెడతారు. బాస్కెట్‌బాల్‌కి వరసకు చెల్లెలు. బంతిని నేలకు కొడుతూ పరిగెత్తకూడదు, చేతికొచ్చిన మూడు సెకన్లలో ఇంకొకరికి ఇచ్చేయాలి, రింగు వెనక ఆదుకోవడానికి బోర్డు ఉండదు. బంతి సూటిగా పడాలి, లేదంటే లేదు. అందుకే ఈ ఆటలో గోల్ వేసే పిల్లలకు చేతుల కంటే ముందు మనసు వణుకుతుంది. బంతి వదిలే ముందు ఊపిరి ఎలా తీసుకోవాలి, కళ్ళు మూసుకుని ఆ గోల్‌ను ముందే ఎలా చూసుకోవాలి, తప్పిపోతే తమతో తాము ఏం చెప్పుకోవాలి, ఇవన్నీ నేను నేర్పిస్తాను. నేర్పే ముందు నలభై వాక్యాల కాగితం ఒకటి ఇస్తాను. ఒక్కో వాక్యం తమ విషయంలో ఎంత నిజమో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయాలి. చదవకుండా వేసేవాళ్ళు దొరికిపోవాలని కొన్ని వాక్యాలు కావాలనే తిరగేసి, అంకె పెరిగితే మార్కు తగ్గేలా రాశాను. రాష్ట్ర జూనియర్ క్యాంపుకు ఎవర్ని పంపాలన్నది కోచ్ మాటతో పాటు నా రిపోర్టు మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఒక శనివారం ఉదయం ఆ మేనేజరే నా గదిలోకి వచ్చింది. వెంట పదిహేనేళ్ళ కూతురు.

"నమస్తే అండీ. మా పాపండీ. చాలా మోటివేటెడ్ అండీ. ఈసారి క్యాంపుకి వెళ్ళాల్సిందేనండీ" అంది. నా మొహం చూసింది, నా వెనక బోర్డు చూసింది, తర్వాత తన ఫోను చూసుకుంది. నన్ను గుర్తుపట్టలేదు. నటన కూడా కాదు, నిజంగానే గుర్తులేదు. ఇన్నేళ్ళు నేను ఆ చీర రంగు మోసుకు తిరుగుతుంటే, ఆమెకు నా మొహమే గుర్తులేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

పిల్ల ఆట చూశాను. చెయ్యి బంగారం. పదింటికి ఎనిమిది రింగులో పడుతున్నాయి. పడని ప్రతిసారీ రింగు వైపు కాక, బెంచీ మీద కూర్చున్న తల్లి వైపు చూస్తోంది. అది నా పుస్తకంలో రాసుకున్నాను, రాసుకుని ఊరుకున్నాను. కాగితం నింపే ముందు తల్లి ఆమెను వరండాలోకి తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పి పంపింది.

కాగితం నా చేతికొచ్చింది. నలభైకి నలభై, అన్నిటికీ నాలుగే.

నాకు నవ్వాగలేదు. ఈ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసిన ఎవరికైనా ఆ నాలుగు ఎక్కడిదో వెంటనే తెలిసిపోతుంది. అప్రైజల్‌లో మనకు మనం ఐదు వేసుకుంటే పొగరంటారు, మూడు వేసుకుంటే మీరే ఒప్పుకున్నారుగా అంటారు, కాబట్టి కళ్ళు మూసుకుని నాలుగు వేసుకోవాలి. నేను చేరిన కొత్తలో క్యాంటీన్‌లో ఈ సూత్రం చెప్పింది కూడా ఆమే. ఇప్పుడు కన్నకూతురి చేత అదే వేయించింది. కానీ ఇక్కడ తిరగేసిన వాక్యాలున్నాయి. 'మ్యాచ్ ముందు కడుపులో తిప్పుతుంది', నాలుగు. 'ఈ ఆట మానేయాలనిపిస్తుంది', నాలుగు. లెక్క కట్టి చూస్తే పిల్ల క్యాంపుకు కావలసిన మార్కుకు చాలా కింద తేలింది.

చదవకుండా నింపినట్టు కనిపిస్తే మళ్ళీ నింపించాలని మా అకాడమీలో నియమం. ఆ నియమం రాసింది నేనే. అయినా నింపించలేదు. టీ పెట్టుకుని తీరిగ్గా తాగి, రిపోర్టు తీసి, కారణం గడిలో 'ఆట పట్ల ఉత్సాహం లేదు' అని రాశాను. అక్షరాలు అంత గుండ్రంగా నేనెప్పుడూ రాయలేదు. అబద్ధం ఒక్కటీ లేదు, అంకెలన్నీ వాళ్ళవే. పిల్ల సంగతేమిటని మనసులో ఒక మూల అనిపించకపోలేదు. ఆ ఆలోచనను అక్కడే కూర్చోమన్నాను.

రిపోర్టు పంపే ముందు తల్లిదండ్రులకు చెప్పాలి. ఆదివారం తల్లీకూతుళ్ళిద్దర్నీ పిలిచాను. కాగితం చూసి ఆమె మొహం పాలిపోయింది.

"ఏదో పొరపాటు జరిగిందండీ. రోజూ తెల్లారకుండా లేపి నల్లగండ్ల నుంచి తీసుకొస్తున్నానండీ. ఉత్సాహం లేకపోవడమేంటండీ?"

"అంకెలు నేను వెయ్యలే మేడం, మీ పాపే వేసింది. ఎవరినో ఒకరిని కింద పెట్టాలె కద. పర్సనల్‌గా తీసుకోకుండ్రి."

ఆమె తలెత్తింది. అప్పుడు చూసింది నన్ను. పెదవులు కదిలాయి గానీ పేరు రాలేదు. "మీరు... టెస్టింగ్‌లో..."

"అవును మేడం. ఆరో ఫ్లోర్."

ఈ క్షణం కోసం ఎన్నిసార్లు రిహార్సల్ వేసుకున్నానో! స్నానం చేస్తూ, కూరగాయలు తరుగుతూ, సిగ్నళ్ళ దగ్గర ఆగి. ఆమె కూతురి మీదికి తిరిగింది.

"నాలుగు వేయమన్నాను గానీ చదవొద్దన్నానా?"

"చదివా."

"మానేయాలనిపిస్తుంది అన్నదానికి కూడా నాలుగా?"

"మిగతావన్నీ నువ్వు చెప్పినవని వేసిన. అదొక్కటి నిజంగనే వేసిన" అంది పిల్ల, బల్ల అంచు గోటితో గీకుతూ.

తల్లిని బయట కూర్చోమన్నాను. నా గొంతులో వెటకారం పోయింది.

"ఏమైంది బిడ్డా? ఆట ఇష్టం లేదా?"

"ఆట మంచిగుంటది మేడం. కోర్టు మీద ఉన్నంతసేపు అస్సలు పరేషాన్ ఉండదు. అయిపోయినంక కారెక్కాలి కద. ఇంటిదాకా రివ్యూ నడుస్తది. ఏం బాగా చేశావ్, ఏం ఇంప్రూవ్ చేసుకోవాలి, నీకు నువ్వు ఎంత వేసుకుంటావ్ అని. గెలిచినా సరే. చివరి క్వార్టర్‌ల ఉండంగనే నాకు కారు గుర్తొస్తది."

కొత్త కాగితం ఇచ్చి ఒక్కదాన్నే వదిలాను. ఈసారి ఒకట్లు, ఐదులు, కొట్టేసి దిద్దినవి. 'గోల్ పడినప్పుడు ఒళ్ళు తేలికవుతుంది' అన్నదానికి ఐదు వేసి గుండ్రంగా చుట్టింది. 'మానేయాలనిపిస్తుంది' దగ్గర నాలుగు అలాగే ఉంది, పక్కన చిన్న అక్షరాలతో 'కారులో' అని రాసింది. మొదటి రిపోర్టు చింపేసి, క్యాంపుకు పంపవచ్చని కొత్తది రాశాను. ఒక షరతు పెట్టాను. మూడు నెలలు పిల్ల అకాడమీ వ్యానులోనే రావాలి, పోవాలి. తల్లి కోర్టు దగ్గరికి రాకూడదు, ఇంట్లో ఆట మాట ఎత్తకూడదు.

ఆ షరతు పిల్ల కోసమే. కానీ దాని కింద 'చర్చించాం, అంగీకరిస్తున్నాను' అన్న వాక్యం మా ఫారంలో లేదు, అది నేను పెన్నుతో చేర్చాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. సంతకం పెట్టింది. ఆ పెన్ను కదులుతున్నంతసేపూ కళ్ళారా చూశాను, కడుపు చల్లబడింది. సారీ చెప్పలేదామె, నేను క్షమించనూ లేదు.

ఆమె వెళ్ళిపోయాక, ఆ సాయంత్రం నుంచే వ్యానులో వెళ్ళాల్సిన పిల్ల నా గుమ్మం దగ్గర ఆగింది.

"మేడం, నా షీట్ మీరు నిన్ననే చూసిండ్రు కద. మానేయాలనిపిస్తుందని వేస్తే, ఎందుకని అడగలేదేంది?"

పని ఒత్తిడి అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"మీ అమ్మ మీద కోపం ఉండె బిడ్డా."

పిల్ల మొహంలో కోపం లేదు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుంది.

"అంటే మీరు కూడా నన్ను చూడలేదు మేడం. అమ్మనే చూసిండ్రు."

నేను తలూపాను. బయట వ్యాను హారన్ కొట్టింది, పిల్ల బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.