మూడు కిలోల సాకు

కొత్త లాప్‌టాప్ కొనబోతున్నామని ఎవరి చెవినా వెయ్యకూడదు. వేశారంటే చుట్టాలందరూ ఉన్నట్టుండి ఇంజనీర్లైపోతారు. పేజీలమ్మ ఆ పొరపాటే చేసింది. పొద్దున్నే మరిది ఫోన్ చేసి, "వదినా, ఇంకేం ఆలోచించకు, ఆ పల్చటిదే తీసుకో. చేతిలో ఉన్నట్టే ఉండదు" అని అరగంట డప్పు కొట్టాడు. మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్ చేసి, "అంత డబ్బు పోసి అట్టముక్క కొంటావా? సగం ధరకి అంత పెద్దది వస్తుంటేనూ!" అని చీవాట్లు పెట్టింది. ఇద్దరికీ సరేనంది. వాదించే ఓపికే ఉంటే ఆవిడ ఎవరికీ తీసిపోయే మనిషి కాదు.

పేజీలమ్మ అన్నది ప్రెస్సువాళ్ళు పెట్టిన పేరు. ఇరవై రెండేళ్ళుగా బడిపుస్తకాల పేజీలు అమర్చడం ఆవిడ పని. లెక్కల పుస్తకమైతే మరీను, ఆవిడ చెయ్యి పడాల్సిందే. ఏ పట్టిక ఏ మూలన కూర్చోవాలో, ఏ బొమ్మకి ఎంత చోటివ్వాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. తెలిసినందుకు దక్కిందేమిటంటే మెడనొప్పి, మందం పెరిగిన కళ్ళద్దాలు, ఏడేళ్ళ పాత లాప్‌టాప్. ఆ లాప్‌టాప్‌కి మూత నిలబడదు. వెనక రెండు నిఘంటువులు ఆనిస్తేనే నిలుస్తుంది. ఈమధ్య తెరమీద నీలం గీతలు కూడా మొదలయ్యాయి. లెక్కల పుస్తకంలో ఏది పాఠంలోని గీతో, ఏది తెర గీసిన గీతో తెలియక ఆవిడ తల ప్రాణం తోకకొస్తోంది.

ఇంట్లో బల్లమీద పెట్టుకునేదైతే ఏదో ఒక పెద్దది కొనేసి ఊరుకునేది. కానీ వారంలో మూడు రోజులు ఆవిడ ఆఫీసు ఆసుపత్రి నాలుగో అంతస్తు వరండాలో, వరసగా బిగించిన ఇనపకుర్చీల్లో ఉంటుంది. లోపల ఆవిడ భర్తకి డయాలసిస్ జరుగుతుంది. నాలుగు గంటలు. ఆయన అక్కడ మంచమ్మీద, ఆవిడ ఇక్కడ కుర్చీలో. ఒళ్ళో లాప్‌టాప్, దానికింద సంచి. ఇప్పటికి రెండేళ్ళయింది.

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం భవనాల లిఫ్టులు ఆయన చేతిమీదుగా ఎక్కి దిగినవే. లిఫ్టులోకి ఎక్కిన జనాన్ని ఒక్కసారి చూసి మొత్తం ఎన్ని కిలోలో చెప్పేసేవాడు. అటువంటి మనిషి ఎడమ చేతిలో డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టారు, ఆ చేత్తో మంచినీళ్ళ బిందె కూడా ఎత్తకూడదన్నారు. ఉద్యోగం మానేశాడు. బజారు పనులు మానేశాడు. గ్యాస్ సిలిండరు కదిపే పని కూడా పక్కింటాయనకి పోయింది. ఒక్కొక్కటీ పోయి పోయి చివరికి ఆయనకి రెండే పనులు మిగిలాయి.

ఒకటి, సరిచూడటం. పేజీ పూర్తయ్యాక ఆవిడ తెరమీది అక్షరాలు పైకి చదువుతుంది. ఆయన అసలు కాగితం పట్టుకుని ఒక్కొక్క మాటకీ వేలు పెట్టి చూస్తాడు. ప్రెస్సులో ఇద్దరు చేసే పని అది. ఇప్పుడు ఇంట్లో భోజనాల బల్ల దగ్గర జరుగుతోంది. ఆవిడ కామా దగ్గర ఆగకపోతే, "కామా ఏదోయ్? మింగేశావా?" అని గద్దిస్తాడు. పదో తరగతితో చదువాపేసిన మనిషికి ఇప్పుడు ఆరు నుంచి పది దాకా లెక్కల పుస్తకాలన్నీ నోటికొచ్చు.

రెండోది, సంచి మొయ్యడం. లాప్‌టాప్ సంచి ఆయన కుడిభుజానికే ఉండాలి. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ. ఆవిడ చెయ్యి చాపితే, "ఇంకా చావలేదులే" అంటాడు. అది వినలేక ఆవిడ చెయ్యి చాపడం మానేసింది.

వచ్చేటప్పుడు చూడాలి ఆయన అవస్థ. నాలుగు గంటల తర్వాత పిండి ఆరేసిన బట్టలా ఉంటాడు. అయినా సంచి తగిలించుకుంటాడు. కింద లిఫ్టులోంచి బయటికి రాగానే ఒకసారి ఆగుతాడు. "ఈ తలుపు చప్పుడు విన్నావూ? రోలరు అరిగిపోయింది. ఒక్కడికీ పట్టదు" అని చెవి ఒగ్గి నిలబడతాడు. రెండేళ్ళుగా అదే రోలరు, అదే మాట. ఆసుపత్రి గేటు దగ్గర నోటీసుబోర్డు చదవడానికి మళ్ళీ ఆగుతాడు. అందులో కాగితం మారి ఆరు నెలలైంది. మూడోసారి వీధి మలుపులో, పొట్టి గోడ దగ్గర వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంటాడు. ఆ పట్టీకి ఏ జబ్బూ లేదు. ఆవిడ మూడుచోట్లా ఎటో చూస్తూ నిలబడుతుంది. ఆయనకి ఊపిరందడం లేదన్న సంగతి తనకి తెలియనట్టు నటించడం ఆవిడ రోజువారీ పనుల్లో ఒకటి. అన్నిటికంటే అలసట దాంతోనే.

అందుకే లాప్‌టాప్ మాట రాగానే ఆవిడ మనసులో ఒకటే అనుకుంది. తేలికది కొనాలి. కిలో బరువుదైతే ఆయన మోస్తాడు. బరువుదైతే ఈ నెలో వచ్చే నెలో ఆయన భుజంమీంచి తనే తీసుకోవాల్సొస్తుంది. అది మాత్రం తన చేతులతో చెయ్యలేదు. చెయ్యలేదు గాక చెయ్యలేదు.

డయాలసిస్ లేని రోజు చూసుకుని సాయంత్రం ఇద్దరూ షాపుకి వెళ్ళారు. బట్టతల సేల్స్‌మన్ రెండిటినీ పక్కపక్కన పెట్టాడు. ఒకటి పదమూడంగుళాలది. వెండిరంగు, వేలెడు మందం కూడా లేదు. రెండోది పదిహేడంగుళాలది, నల్లగా ఇస్త్రీబల్లంత ఉంది. మొదటిదాని ధర చెప్పేటప్పుడు సేల్స్‌మన్ గొంతు తగ్గించాడు. రెండోదాని ధర పెద్దగానే చెప్పాడు.

ఆయన కుడిచేత్తో ఒక్కొక్కదాన్నే ఎత్తి చూశాడు. "ఇది కిలో నూట యాభై. ఇది చార్జరుతో కలిపి మూడు కిలోలు, ఇంకాస్త ఎక్కువే."

సేల్స్‌మన్ పెట్టెమీది కాగితం చూసి నోరెళ్ళబెట్టాడు. "సర్, మీరు తూనికల శాఖలో చేస్తారా?"

"లిఫ్టులండీ" అన్నాడాయన. చాలా రోజుల తర్వాత ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నిటారుగా నిలబడ్డాడు.

ఆవిడ సంచిలోంచి అచ్చయిన పేజీ ఒకటి తీసి తెరలకి ఆనించింది. ఏ యంత్రాన్నైనా ఆవిడ కొలిచే పద్ధతి అదే. పెద్దదాని మీద పేజీ అసలు కొలతలో నిండుగా కూర్చుంది, పక్కన ఇంకా చోటు మిగిలింది. చిన్నదాని మీద పేజీ అడుగు భాగం తెర దాటిపోయింది. మొత్తం పేజీ కనిపించాలంటే అక్షరాలు చీమల్లా అయిపోతాయి.

"జూమ్ చేసుకోవచ్చు కదా మేడమ్" అన్నాడు సేల్స్‌మన్.

"జూమ్ చేస్తే పేజీ కనపడదు, ముక్క కనపడుతుంది" అంది ఆవిడ, అలవాటుకొద్దీ. అనేసి నాలుక్కరుచుకుంది. వెంటనే, "అయినా నాకు ఇది చాలు. బాగానే ఉంది. దీనికే బిల్లు వెయ్యండి" అంది.

ఆయన పెద్దదాని మూత నిమురుతూ, "కళ్ళ డాక్టరు ఏమన్నాడోయ్ మొన్న?" అన్నాడు.

"డాక్టర్లు వంద అంటారు. నాకు శుభ్రంగా కనపడుతోంది."

"అయితే చదువు."

"ఇక్కడా?"

"చదవవోయ్. రోజూ చదివేదేగా."

సేల్స్‌మన్ ఆవిడ పెన్‌డ్రైవ్‌లోంచి ఒక పేజీ చిన్న తెరమీద తెరిచాడు. కుళాయిలు, తొట్టెల పాఠం. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని, ఇంట్లో బల్ల దగ్గర కూర్చున్నట్టే గుక్క తిప్పుకోకుండా చదివింది. "ఒక తొట్టెను మొదటి కుళాయి ఆరు గంటల్లో నింపును, కామా, రెండవ కుళాయి పన్నెండు గంటల్లో నింపును. రెండు కుళాయిలను ఒకేసారి తెరిచిన..." ఒక్కచోటా తడబడలేదు. సేల్స్‌మన్ మెచ్చుకోలుగా తలాడించాడు. చూశారా అన్నట్టు ఆవిడ ఆయన వంక తిరిగింది.

ఆయన మొహం తెల్లబోయి ఉంది.

"నాలుగు" అన్నాడు.

"ఏం నాలుగు?"

"మొదటి కుళాయి నాలుగు గంటల్లో. మంగళవారం మార్చాం. నువ్వే మార్చావు, కాగితం నేను పట్టుకున్నాను. నువ్విప్పుడు చదివింది పాత పుస్తకం."

ఆవిడ తెర దగ్గరికి మొహం పెట్టి చూసింది. నాలుగే. ఆవిడ చదవనేలేదు. పదకొండేళ్ళుగా అమరుస్తున్న పేజీ, బట్టీపట్టినట్టు అప్పజెప్పేసింది. నీళ్ళు నమిలి, "ఇక్కడి లైట్లు పడి సరిగ్గా కనపడలేదు" అంది.

"లైట్లా?"

"అవును, లైట్లే. నాకు తేలికదే కావాలి. ఆ పెద్దది మనం మొయ్యలేం."

"మనం కాదు" అన్నాడాయన నెమ్మదిగా. "నేను మొయ్యలేనని చెప్పు."

ఇక్కడ వీళ్ళకి ఏకాంతం అవసరమని సేల్స్‌మన్‌కి ఎలా తోచిందో గానీ, ఏదో కేబుల్ వెతికే మిషతో చల్లగా జారుకున్నాడు. ఈ రోజుల్లో అంత తెలివి అరుదు.

"నా కోసం నువ్వు గుడ్డిదానివైపోతావా? ఆ పుస్తకం ఎంతమంది పిల్లలు చదువుతారు? నువ్వు తప్పు చూసుకోకపోతే ఊరందరి తొట్లూ ఆరు గంటలు నిండుతూ కూర్చుంటాయి."

ఆయన నవ్వించబోయాడు. ఆవిడకి నవ్వు రాలేదు, కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం. "సంచి కూడా లేకపోతే మీరు ఖాళీ చేతులతో నడుస్తారు. అది నేను చూడలేను" అంది. రెండేళ్ళుగా గొంతు దాటనివ్వని మాట కంప్యూటర్ల షాపులో, నలుగురిలో బయటపడిపోయింది.

ఆయనకి ఏడుపొచ్చింది, దాన్ని దిగమింగుకోవడం ఆవిడకి తెలుస్తూనే ఉంది. చివరికి అన్నాడు.

"సంచి నువ్వే తగిలించుకో. నేను పక్కన నడుస్తాను. నడవగలిగినన్నాళ్ళూ."

పెద్దదే కొన్నారు.

తర్వాతి డయాలసిస్ రోజున ఆవిడ ఇనపకుర్చీలో నానాతంటాలు పడింది. ఆ యంత్రం ఒళ్ళో ఒక పట్టాన కుదురుకోదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కానీ పేజీ మాత్రం పేజీలా కనపడింది. నాలుగు నాలుగులాగే ఉంది. మధ్యాహ్నానికి పన్నెండు పేజీలు ముగించింది, తలనొప్పి రాలేదు.

ఆయన బయటికొచ్చాడు. అలవాటుగా కుడిచెయ్యి సంచి వైపు సాగింది, సగంలో ఆగింది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ చూడనట్టే సంచి భుజానికి తగిలించుకుంది. కిందికి దిగారు. లిఫ్టు తలుపు ఎప్పటిలాగే కిర్రుమంది. ఆయన ఆగలేదు. బరువేమీ లేని మనిషి ఎందుకు ఆగాలి, ఏమని ఆగాలి? పెదవులు బిగించుకుని, గోడమీద ఒక చెయ్యి ఆనిస్తూ నడుస్తూనే ఉన్నాడు.

"అబ్బా!" అంటూ ఆవిడ సంచిని అక్కడున్న బెంచీమీద దింపింది. "భుజం లాగేస్తోందండీ. ఒక్క నిమిషం ఆగండి."

ఆయన ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ ఎటో చూస్తూ భుజం నొక్కుకుంది.

గేటు దగ్గర నోటీసుబోర్డు కింద ఆవిడ సంచి మళ్ళీ దింపింది. చెయ్యి మార్చుకోవాలంది. ఆయన ఆరునెలల పాత కాగితాలు చదివాడు.

వీధి మలుపులో పొట్టి గోడ రాగానే ఆవిడ మూడోసారి ఆగి, సంచిని గోడమీద పెట్టింది. ఆయన గోడ వంకా, సంచి వంకా, ఆవిడ వంకా చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయనకంతా అర్థమైందని ఆవిడకి తెలిసింది. ఎన్నాళ్ళుగానో ఆవిడకి తెలుసునని ఇవాళే ఆయనకి తెలిసింది.

"ఇక్కడ కూడానా?" అన్నాడు.

"మూడు కిలోలండీ. మాటలా?"

ఆయన వచ్చి సంచికి అవతలి పక్క గోడమీద కూర్చున్నాడు. మొదటిసారి చెప్పు పట్టీ ముట్టుకోకుండా, దాచుకోకుండా, నోరు తెరిచి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. ఎదురుగా వాళ్ళెక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది, జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఇద్దరూ కూర్చునే ఉన్నారు.