మధ్యలో ఆపడానికి వీల్లేదు

ఓంకార్ ఉద్యోగం కొంప మునిగే రోజు కోసం సిద్ధంగా ఉండటం. హైటెక్ సిటీలోని ఒక కంపెనీ కంప్యూటర్లు ఎప్పుడైనా కూలితే వాటి నకళ్లను పుణెలో లేపి నిలబెట్టే సాఫ్ట్‌వేర్‌కు అతను పూజారి. ఇన్నేళ్లలో కొంప ఒక్కసారీ మునగలేదు. అందుకని అప్పుడప్పుడు మునిగినట్టు నటిస్తారు. దాని పేరు డ్రిల్లు.

ఆ శనివారం తెల్లవారగానే డ్రిల్లు. ఆ పొద్దునే బోరబండలో అక్క హరిత కొడుకు చిన్నుకు పుట్టువెంట్రుకలు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి. పిల్లాడికున్న సొంత మేనమామ ఓంకార్ ఒక్కడే. ఎంతసేపులే అనుకుని డ్రిల్లు మొదలుపెట్టాడు.

మిషన్లన్నీ, అంటే ఆ కంప్యూటర్లన్నీ, పుణెలో లేచాయి, ఒక్కటి తప్ప. దానికి సీడీలా పనిచేసే ఫైలు ఒకటి తగిలించి ఉంది. సీడీ తగిలించిన మిషన్ కదలదని సాఫ్ట్‌వేర్ వాళ్లు ‘తెలిసిన పరిమితులు’ అనే అధ్యాయంలో రాసే ఉంచారు. మొన్న ఏదో ఇన్‌స్టాల్ చేసి దాన్ని తీయడం మరిచింది సాక్షాత్తు పూజారే. ఇప్పుడు తీద్దామంటే, డ్రిల్లు నడుస్తుండగా దేన్నీ ముట్టకూడదు. ఆపుదామంటే, మధ్యలో ఆపడానికి వీల్లేదు. సాఫ్ట్‌వేరే ప్రయత్నించి, అలిసి, ఓటమి ఒప్పుకోవాలి.

“సార్, జర మీరు చూసుకుంటరా?” అన్నాడు మేనేజర్ మధుసూదన్‌తో.

“మొదలెట్టిన లాగిన్‌తోనే ముగించాలి కదండీ. అదీ ఒక పరిమితే,” అన్నాడాయన, టీ తాగుతూ.

ఫోన్ మోగింది.

“ఏడున్నవ్‌రా? మంగలాయన కత్తెర పట్టుకొని కూసున్నడు. రాహుకాలం వస్తుంది!” అంది హరిత.

“మిషన్ ఒకటి మొరాయించిందక్కా.”

“ఆపి రా!”

“ఆపనీయది.”

“గిదేం కొలువురా? సిటీ బస్సుకైనా బ్రేకుంటది.” అంతలో తనే మళ్లీ అంది: “పిన్ని కొడుకు అజయ్ ఉన్నడు. కూసోబెట్టనా?”

ప్రతిదానికీ ఒక నకలు ఉండి తీరాలని ఊరంతా బోధించిన మనిషి వద్దని ఎలా అంటాడు?

“కూసోబెట్టు.”

డ్రిల్లు ఓడిపోయి అతన్ని వదిలేసరికి భోజనాల వేళయింది. బోరబండ చేరేసరికి చిన్ను గుండుకు గంధం పూసుకుని అజయ్ ఒడిలో ఉన్నాడు.

“చిన్నూ, మామొచ్చిండ్రా!” అంది హరిత.

చిన్ను ఒకసారి చూసి, అజయ్ భుజంలో మొహం దాచుకున్నాడు. అజయ్ మొహమాటపడి లేవబోతే పిల్లాడు కేకలు పెట్టాడు.

“కూసో తమ్మీ, లేవకు,” అన్నాడు ఓంకార్.

నకలు ఒకసారి పనిలోకి దిగాక వెంటనే అసలుకు తిరిగి రావడం కుదరదని కూడా ఆ ‘తెలిసిన పరిమితులు’లో ఒక పేరా ఉంది. అతనికది కంఠస్థం. అందుకే ఇంకేమీ అడగకుండా పప్పు బకెట్ అందుకుని వడ్డనకు వెళ్లాడు.