పొకువా ఫ్రీడమ్

మా కుట్టు షాపులో ఫ్రీడమ్ అంటే ఒక రోజు పేరు. మార్చి నెలలో మా స్వాతంత్ర్య దినాన బడిపిల్లలు జెండాలు పట్టుకుని పాడే ఫ్రీడమ్ వేరు. ఆదివారం పాస్టరుగారు చెప్పేది వేరు. వ్యాన్ల వెనక రంగులతో రాసుకునేది ఏమిటో ఆ డ్రైవర్లకే తెలియాలి. మాకు మాత్రం, పని నేర్చుకున్న అమ్మాయికి మేడమ్ నలుగురి ముందు పరీక్ష పెట్టి, నెత్తిన తెల్ల పౌడరు చల్లి, ఇక నీ షాపు నువ్వు పెట్టుకో అని దీవించే రోజు అది. "నీ ఫ్రీడమ్ ఎప్పుడు?" అంటే ఘనాలో వడ్రంగికీ అర్థమవుతుంది, జడలల్లే పిల్లకీ అర్థమవుతుంది.

పొకువా, మాంపాంగ్ ఊళ్ళోని మా షాపులో చేరేటప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. షాపులో పెద్దరికం వయసును బట్టి రాదు, చేరిన రోజును బట్టి వస్తుంది. అందుకని తనకంటే ఎంతో చిన్నదైన దుఫియేను ఆమె అక్కా అని పిలవాలి. పొద్దున్నే ఊడవాలి, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వెయ్యాలి.

"పొకువా, నీళ్ళు," అనేది దుఫియే, మిషను మీంచి తలెత్తకుండా.

"తెస్తున్నా అక్కా. నిన్ను ఎత్తుకుని తిప్పాల్సిన వయసు నాది. అయినా తెస్తున్నా."

అందరం నవ్వేవాళ్ళం. దుఫియే కూడా నవ్వేది.

పిల్లలిద్దరూ సన్యానిలో అమ్మమ్మ దగ్గర ఉండేవారు. పొకువా మేడమ్ ఇంటి వెనక గదిలో మాతో పాటు చాప మీద పడుకునేది. ఫ్రీడమ్ అయితేనే సొంత మిషను. మిషను ఉంటేనే అద్దెకు గది. గది ఉంటేనే పిల్లలు.

ఒకసారి ఆ ఫ్రీడమ్ దగ్గరకొచ్చి తప్పిపోయింది. కత్తెర పట్టుకుంటే ఆమె చేయి తొందరపడుతుంది. ఒక పాస్టరమ్మ తెచ్చిన ప్రింటు బట్టను బొమ్మలు తలకిందులయ్యేలా కత్తిరించి, భయపడి గోనెసంచి కింద దాచింది. ఊడుస్తుంటే అది మేడమ్ సెర్వా కంట పడింది.

"దాచేదానికి ఫ్రీడమ్ ఏంటి? ఇంకో ఏడాది ఉండు," అన్నారు మేడమ్.

ఆ ఏడాది గడిచింది. పరీక్ష రోజున కుట్టుపనివాళ్ళ సంఘం పెద్ద, అజెయిబియా మామ్మ, వచ్చి బల్ల పక్కన కుర్చీ వేయించుకుంది. పిట్టల బొమ్మలున్న బట్ట ఇచ్చి, కబా జాకెట్టు కుట్టమంది. మేము కాగితం పెట్టి కత్తిరించం. చూపుతోనే కొలత, కత్తెరతోనే గీత. పొకువా ఒళ్ళు భాగం చక్కగా తీసింది. తర్వాత మిగిలిన బట్టను అడ్డంగా మడిచి, జాకెట్టు చేతులు రెండూ ఒకేసారి కత్తిరించింది. విప్పి చూస్తే ఒక చేతి మీద పిట్టలు పైకి చూస్తున్నాయి, రెండో చేతి మీద తలకిందులుగా వేలాడుతున్నాయి.

"ఈ పిట్టలు కల్లు తాగాయా ఏంటే?" అంది మామ్మ.

ఎవరూ నవ్వలేదు. మేడమ్ కిటికీ వైపు తిరిగారు. పొకువా కత్తెర కింద పెట్టి, ఆ రెండు ముక్కల్నీ మామ్మ ముందు బల్ల మీద పరిచింది.

"తప్పు మడిచాను మామ్మా. బట్ట ఇంక లేదు. కొంచెం టైమిస్తే సరిచేస్తా."

"బట్ట లేకుండా ఏం సరిచేస్తావు?"

"చూడండి మరి."

ఆ తలకిందుల చేతిని పిట్టల వరుస వెంబడి అడ్డంగా ముక్కలు చేసింది. తర్వాత బాగున్న చేతిని కూడా అలాగే ముక్కలు చేస్తుంటే దుఫియే కళ్ళు మూసుకుంది. పొకువా ఒక్కో ముక్కనూ పిట్ట తల పైకి వచ్చేలా తిప్పి, తల ఉన్న వైపు గుండుసూది గుచ్చింది. ఆమె చేయి అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ముక్కల్ని కుచ్చులు పెట్టి ఒకదాని కింద ఒకటి వేసి కుట్టింది. రెండు చేతులూ కుచ్చుల చేతులయ్యాయి. పిట్టలన్నీ లేచి కూర్చున్నాయి.

అజెయిబియా మామ్మ జాకెట్టు తిరగేసి కుట్లు లాగి చూసింది.

"నేనడిగింది ఈ చేతులు కాదు."

"కాదు మామ్మా."

"కుట్టు గట్టిగానే ఉంది. మిగతాది నీ మేడమ్ చెప్పాలి."

మేడమ్ జాకెట్టు వైపు చూడనే లేదు, పొకువానే చూశారు. "దీని తొందర ఇంకా తగ్గలేదు. రేపు సొంత షాపులో కూడా పాడుచేస్తుంది," అన్నారు. పొకువా తల వంచుకుంది. "కానీ ఈసారి బల్ల మీదే పెట్టుకుని సరిచేసింది. ఏయ్ దుఫియే, నిలబడి చూస్తావేం? పౌడరు తే."

దుఫియే డబ్బా మూత తీసేలోపే సగం పౌడరు తన మీదే ఒంపుకుంది. పొకువా మోకాళ్ళ మీద కూర్చుంటే మేడమ్ ఆమె నెత్తిన పౌడరు చల్లి, చేయి పెట్టి, నీ చేయి చల్లగా ఉండాలి అన్నారు. పౌడరు కళ్ళలో పడిందో ఏమో, ఆమె చెంపల మీద రెండు నల్లటి చారలు దిగాయి.

జొలోఫ్ అన్నం వడ్డిస్తుండగా ఆమె గుమ్మంలోకి వెళ్ళి పెద్దకూతురికి ఫోన్ చేసింది.

"కొనాడూ, చెల్లి బట్టలు కూడా సర్దమ్మా. అన్నీ."

అవతల పిల్ల ఏదో అడిగింది. మాకు వినపడలేదు.

"చూసిపోవడానికి కాదే," అంది పొకువా. "ఉండడానికి."